గాలి తరంగములు ఎవరి సొత్తు?

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానతో వేరుసెనగ పండించు అనంతపురము మెట్టసీమలో నమ్మదగిన వార్త విత్తనముతో సమానము. దానిని ఇంటికి చేర్చు సాధనములు పత్రిక, రేడియో. మొదటిదానికి లభించిన స్వేచ్ఛ రెండవదానికి ఏల ఆలస్యమైనదో విచారింతము.

1926లో పప్పూరు రామాచార్యులుగారు అనంతపురమున శ్రీ సాధన పత్రికను స్థాపించిరి. 1950లో, ఈ జిల్లా మద్రాసు రాష్ట్రములో ఉండగా, ఆ ప్రభుత్వము బొంబాయిలో అచ్చగు ‘క్రాస్ రోడ్స్’ వారపత్రికను తన పొలిమేరలలోనికి రానీయక నిషేధించినది. సంపాదకులు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు ఎక్కగా, మే 26న ఆ నిషేధము కొట్టివేయబడినది. మరుసటి ఏడే రాజ్యాంగపు మొదటి సవరణ శాంతిభద్రతల పేర పరిమితులకు తావిచ్చినను, పత్రికాస్వేచ్ఛకు పునాది పడినది.

రేడియో సంగతి వేరు. రేడియో పుట్టకముందే వచ్చిన 1885 నాటి టెలిగ్రాఫు చట్టము క్రింద ఆ హక్కు ప్రభుత్వమునకే దక్కినది. అనంతపురమునకు సొంత ఆకాశవాణి కేంద్రము 1991లో గాని రాలేదు.

ఇట్టి గుత్తాధిపత్యమే ఐరోపాలోను ఉండెడిది. ఆస్ట్రియాలోని లింజ్ నగరమున ఒక గృహసముదాయపు నివాసులు తమ ఇండ్లవరకు తమ విషయములే చూపు టెలివిజను పెట్టుకొనగోరిరి. ప్రభుత్వము కాదన్నది. 1993 నవంబరు 24న స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము, గుత్తాధిపత్యము భావప్రకటనకు అన్నిటికన్న పెద్ద సంకెల యని తీర్పు చెప్పినది.

ఆసియాకు అట్టి న్యాయస్థానము లేదు. అయినను ఆ తీర్పు మన దేశమునకు వినబడినది. 1993లో బెంగాలు క్రికెట్ సంఘము తన పోటీల ప్రసారమును విదేశీ సంస్థకు అప్పగింపగా తగవు పుట్టి సుప్రీంకోర్టు చేరినది. 1995 ఫిబ్రవరి 9న, గాలి తరంగములు ప్రజల ఆస్తి యని కోర్టు నిర్ణయించినది. తెలుగువారగు న్యాయమూర్తి బి. పి. జీవన్ రెడ్డిగారు తమ ప్రత్యేక తీర్పులో లింజ్ వ్యాజ్యమును పరిశీలించిరి. అయితే వారు దానిని యథాతథముగా అనుసరింపలేదు. ప్రభుత్వపు గుత్త తొలగి ధనవంతుల గుత్త వచ్చినచో శ్రోతకు ఒరుగునది లేదనియు, ప్రసారకేంద్రము స్థాపించుకొను హక్కు ఎవరికిని సహజముగా లేదనియు వారి అభిప్రాయము. సమాజములోని అన్ని వర్గములకును ప్రాతినిధ్యము గల స్వతంత్రసంస్థ తరంగములను నియంత్రింపవలెనని కోర్టు ఆదేశించినది.

1997లో ప్రసారభారతి ఏర్పడినది. 2008లో మెదకు జిల్లా మాచునూరున దళిత స్త్రీలు సంఘం రేడియో నడుపసాగిరి. కాని సామాజిక రేడియోలకు గాని, ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములకు గాని సొంతముగా వార్తలు కూర్చి చదువు అనుమతి నేటికిని లేదు. ఆకాశవాణి వార్తలను తిరిగి వినిపింపవచ్చును, అంతే. ఊరిలో బోరు ఎండిన సంగతిని వారపత్రిక నిరాటంకముగా అచ్చువేయును. ఆ ఊరి రేడియో దానిని వార్తగా చదువజాలదు. 1950లో కాగితమునకు దొరికిన న్యాయము గాలికి ఇంకను సగమే దొరికినది. తరంగములు ప్రజలవే యైనచో, తక్కిన సగమును అడుగవలసినవారు రేడియో వినువారే.