శాసనము నిలుపలేకపోయిన టోపీ

ఆగస్టు 15వ తేదీ అనగానే మన మనస్సు 1947వ సంవత్సరమునకు పోవుట సహజము గనుక, ఆ తేదీననే 1856లో స్కాట్లండులోని లానార్క్‌షైరు ప్రాంతమున, పరుల యిండ్లలో పనిచేసి బ్రతుకు ఒక అవివాహితకు జన్మించి, పదియవ యేట బొగ్గుగనిలోనికి దిగి, ముప్పదియారవ యేట బ్రిటిషు పార్లమెంటులో ప్రవేశించి, మన దేశమునకు స్వపరిపాలన రావలెనని బహిరంగముగ వాదించిన జేమ్స్ కీర్ హార్డీని తలచుకొనువారు మనలో అరుదు. ఆయనను గూర్చి వ్రాయవలెనని కూర్చుండగా, ఆయన ఉపన్యాసములకంటెను, స్థాపించిన కార్మికపక్షముకంటెను ముందుగ ఆయన తలమీది టోపీయే నా తలపునకు వచ్చినది. ఆ టోపీ కథ ఆయనతో ఆరంభము కాలేదు. ఆయనతో ముగియనూ లేదు.

ఫ్లాట్ క్యాప్ అని పేరుగల ఈ టోపీని మన పాఠకులు ఆంగ్ల చలనచిత్రములలో చూచియే యుందురు. తలకు అంటిపెట్టుకొని యుండు ఉన్నిబట్ట, దాని ముందు కనుబొమల మీదికి వచ్చు గట్టి చిన్న అంచు, ఆ అంచునకు కుట్టియో గుండీతో బిగించియో ముందునకు వంచిన పైబట్ట: ఇంతియే దాని నిర్మాణము. ఎనిమిది ముక్కలు కలిపి నడినెత్తిన ఒక గుండీ కుట్టినచో అది కొంచెము ఉబ్బుగనుండు మరియొక జాతి టోపీ అగును. ఒకప్పుడు నగరవీథులలో వార్తాపత్రికలు అమ్ము పిల్లలు దానిని ధరించెడివారు. మడిచి జేబులో పెట్టుకొనవచ్చును; గాలికి ఎగిరిపోదు; తుంపర వానలో తల తడియనీయదు.

దీని పూర్వీకులను వెదకినచో పదునారవ శతాబ్దమున ఒక వింత శాసనము ఎదురగును. 1571లో ఎలిజబెత్ రాణి పార్లమెంటు, ఆరేండ్లు దాటిన ప్రతివాడును ఆదివారములందును పండుగదినములందును ఇంగ్లండులోనే అల్లి, దట్టించి, తీర్చిన ఉన్నిటోపీని ధరింపవలెననియు, ధరింపనివాడు దినమునకు 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా చెల్లింపవలెననియు విధించినది. ప్రభువులకును, నైట్ బిరుదాంకితులకును, భూవసతి గల పెద్దమనుష్యులకును, కులస్త్రీలకును, కన్యలకును ఈ నిర్బంధము లేదు. కనుక అది పేరునకు అందరిదైనను నిజమునకు సామాన్యుని తలకు మాత్రమే వర్తించినది. కావెంట్రీ, బ్యూడ్లీ, మన్మత్ పట్టణములలో టోపీలు అల్లి జీవించువారి కుటుంబములు కొత్త ఫ్యాషన్ల మూలమున పనిలేక చెడిపోవుచుండుటయే దానికి కారణము. వదులుగను పెద్దదిగను అల్లిన టోపీని నీటిలో నానవైచి, జిడ్డును పీల్చు మట్టి కలిపి, కుదించుకొని దట్టమగువరకు త్రొక్కి, ముండ్లకాయలతో నూగు లేపి, ఆ నూగును కత్తిరించి సమము చేయవలెను. ఉన్ని ఏరువాడు మొదలు అంచు కుట్టువాడు వరకు ఒక్క టోపీ ఎందరి చేతులమీదుగనో నడచెడిది. లండను మట్టిలో దొరికిన అట్టి టోపీలు నేటికిని అక్కడి వస్తుప్రదర్శనశాలలో కలవు.

శాసనము 26 సంవత్సరములు నిలిచి 1597లో రద్దయినది. ప్రజల తలలమీద ఏమి యుండవలెనో నిర్ణయించు ప్రభుత్వముల యత్నములు ఏ కాలమునను ఎక్కువనాళ్లు సాగవు. 1930 ఉప్పు సత్యాగ్రహపు దినములలో గాంధీటోపీ పెట్టుకొనుటయే అపరాధమైన స్థలములు మన దేశమున ఉండెను. అచ్చట కూడ అధికారుల ఉత్తరువే ముందుగ చినిగిపోయినది గాని టోపీ కాదు.

తరువాతి రెండు శతాబ్దములను గూర్చి చెప్పదగినది స్వల్పము. కలవారు కట్టుడుజుట్టులును మూడుమూలల టోపీలును ధరించి చిత్రపటములకు కూర్చుండిరి. సేద్యగాని తలమీది ఉన్నిబట్టను చిత్రించుటకు ఎవరికిని తీరిక లేకపోయెను. పందొమ్మిదవ శతాబ్దమున మరమగ్గములును, గనులును, ఓడలు కట్టు రేవులును పెరిగి, వేలకొలది మనుష్యులు తెల్లవారుజామున ఒక్కసారిగ పనికి నడచు కాలము వచ్చినప్పుడు మాత్రము ఈ టోపీ మరల కన్నులకు గోచరమైనది. యజమానికి నిలువెత్తు సిల్కు టోపీ, మేస్త్రీకి గుండ్రని గట్టి బౌలర్ టోపీ, కూలివానికి గుడ్డటోపీ: దూరమునుండియే మనిషి అంతస్తును చదువవచ్చును.

ఈ అంతస్తుల కట్టడమును హార్డీ కదలించిన తీరు నాకు ఎంతయో ప్రియమైనది. గనిలో గాలితలుపును తెరచుచు మూయుచు చీకటిలో గంటలకొలది కూర్చుండు పని ఆయన బాల్యవిద్య. పాఠశాల మొగము దాదాపుగ ఎరుగని ఆ బాలుడు తల్లియొద్ద చదువుట నేర్చి, కొంత పెద్దవాడైన పిదప గనిదీపపు పొగతో ఒక రాతిపలకను నల్లబరచి, సూదిమొనతో దానిమీద గీచుచు సంకేతలిపిని అభ్యసించెను. కార్మికసంఘము కట్టినందుకు గనులు ఆయనకు మూతపడినవి. పత్రికారచన దారి చూపినది. 1892 ఎన్నికలలో లండను తూర్పుకొసన గల వెస్ట్ హాం దక్షిణ నియోజకవర్గము ఆయనను కామన్సు సభకు పంపినది. మన దాదాభాయి నౌరోజీ ఫిన్స్‌బరీనుండి గెలిచినదియు ఆ ఎన్నికలలోనే. ఆ యేటి సభలో గనికూలియు భారతీయుడును ఏకకాలమున అడుగుపెట్టిరి.

నాటి కామన్సు సభలో సిల్కు టోపీ కేవలము అలంకారము కాదు. ప్రాతఃకాలముననే వచ్చి పీఠముమీద టోపీ నుంచి తన స్థలమును నిలుపుకొనుట సభ్యుల ఆచారము. ఓట్ల విభజన జరుగుచుండగా అభ్యంతరము లేవనెత్తదలచిన సభ్యుడు కూర్చుండియే, తలపై టోపీ ధరించియే మాటలాడవలెను. ఈ నియమము 1998 వరకు నిలిచియుండుటచే, టోపీలు ధరించు అలవాటు అంతరించిన పిమ్మటను సభలో ఒక మడతటోపీని ఇందుకై సిద్ధముగ నుంచెడివారు. అట్టి సభకు, నల్లని పొడవుకోటులును మెరయు పొడవుటోపీలును బారులు తీరిన 1892 ఆగస్టు దినమొకటిన, వెస్ట్ హాం కార్మికులు సమకూర్చిన బండిమీద, ఒకడు బాకా నూదుచుండగా, ట్వీడ్ బట్టల దుస్తులతోను తలమీద మెత్తని టోపీతోను హార్డీ వచ్చెను. పత్రికలు ఆ ఒక్క బాకాను బాజాభజంత్రీలుగ పెంచి వ్రాసినవి. ద్వారమునొద్దనున్న పోలీసువాడు ఆయనను కప్పు బాగుచేయ వచ్చిన పనివాడనుకొని ప్రశ్నింపగా, తన పని లోపల, సభలో అని ఆయన బదులు చెప్పెనని ఒక కథ అప్పటినుండి ప్రచారమున నున్నది.

ఆనాటి టోపీ ఆకృతిని గూర్చి చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. అది గుడ్డతో కుట్టిన కార్మికుని టోపీ అని లోకప్రసిద్ధి. అది చెవులమీదికి దించుకొను మడతలు గల వేటగాని టోపీ అని కొందరి వాదము. నాకు ఈ రెండవ వాదమే సత్యమునకు దగ్గరగ తోచుచున్నది. అయినను జనహృదయము ఆయన తలమీద ఫ్లాట్ క్యాప్‌నే నిలిపినది. తమవాడు తమ టోపీతోనే సభకు పోయెనని గనివాడలు నమ్మినవి. ఒక వస్తువు గౌరవచిహ్నమగుట ఇట్లే జరుగును. అంతవరకు పనివానిని ఎడముగ నిలుపుటకు పనికివచ్చిన గుడ్డటోపీని ఆ పిమ్మట పనివాడు తలయెత్తి ధరించెను.

రెండేండ్లు గడచినవి. 1894 జూన్ 23న వేల్సులోని కిల్వునిద్ గ్రామమున ఆల్బియన్ బొగ్గుగని ప్రేలి దాదాపు 290 మంది, పిల్లలతోసహా, మరణించిరి. ఆ దినముననే రాజకుటుంబమున ఒక మగశిశువు జన్మించెను. శిశుజననమునకు అభినందనలు తెలుపు తీర్మానము సభకు వచ్చినపుడు, మృతుల కుటుంబములకు సానుభూతి తెలుపు వాక్యమును కూడ చేర్పవలెనని హార్డీ కోరెను; సభ అంగీకరింపలేదు. చుట్టును కేకలు చెలరేగుచుండగా ఆయన ఒంటరిగ నిలిచి, ఈ బిడ్డను పుట్టినదాదిగ స్తోత్రపాఠకులు చుట్టుకొందురనియు, లోకయాత్రకు పంపుదురనియు, వ్యయమును ప్రజలే భరింపవలసి వచ్చుననియు పలికెను. మరుసటి యేడు ఆయన ఓడిపోయెను. 1900లో వేల్సులోని మెర్తిర్ టిడ్‌ఫిల్ గనిప్రాంతమే ఆయనను మరల సభకు పంపినది. 1907లో, బిపిన్ చంద్రపాలుడు రాజమహేంద్రవరమున ప్రసంగించి గోదావరీతీరమును కదిలించిన యేడుననే, హార్డీ భారతదేశమునకు వచ్చి బెంగాలులో పర్యటించెను. రాజద్రోహమును రేపుచున్నాడని లండను పత్రికలు ఆయనపై విరుచుకుపడినవి.

ఆ శిశువే తరువాతి కాలమున వేల్సు యువరాజై, 1921-22లో మన దేశమునకు లోకయాత్రలో వచ్చి హర్తాళ్ల నడుమ తిరిగి, 1936లో ఎనిమిదవ ఎడ్వర్డుగ సింహాసనమును విడిచిన పురుషుడు. గోల్ఫు మైదానములలో ఆ యువరాజు రంగురంగుల అల్లిక స్వెట్టరుతోపాటు ఫ్లాట్ క్యాప్ ధరింపగా, 1920ల కలవారి యువకులందరును దానిని అనుకరించిరి. గనికూలి టోపీ యువరాజు తలకు చేరుటకు ఒక్క తరమే పట్టినది. అదియు, ఆ గనికూలీల మరణములను సభ మరచిన నాడు పుట్టిన యువరాజు తలకు.

పనివాని టోపీ కలవారి తలకు చేరుటకు మోటారుకారును తోడ్పడినది. తొలినాటి కార్లకు పైకప్పు లేదు. సిల్కు టోపీ మొదటి మలుపులోనే ఎగిరిపోవును. తలను అంటియుండు చదునైన టోపీ గాలికి నిలుచును, చిన్న అంచు ఎండను ఆపును, వేగము పెరిగినచో అంచును వెనుకకు త్రిప్పి కంటియద్దములు తగిలించుకొనవచ్చును. పైకప్పు గల కార్లు వచ్చిన పిదపను, తగ్గు కప్పుక్రింద కూర్చుండుటకు వీలైన టోపీ ఇదియే గనుక డ్రైవింగ్ టోపీ అను పేరు దానికి స్థిరపడినది. పందెపు కార్లను నడుపువారు సైతము చాలకాలము గుడ్డ, తోలు టోపీలతోనే ప్రాణములను పణముగ నొడ్డిరి. గ్రాండ్ ప్రీ పందెములలో గట్టి శిరస్త్రాణము 1952లో గాని తప్పనిసరి కాలేదు. 1969, 1971, 1973 సంవత్సరములలో ప్రపంచవిజేతయైన స్కాట్లండువాడు జాకీ స్టూవర్ట్ పందెము ముగిసి శిరస్త్రాణము తీయగానే గుడ్డటోపీ పెట్టుకొని జనులకు కనబడెడివాడు.

ఇటుపైని కథ పాయలుపాయలుగ చీలినది. కంబర్లండు ప్రాంతపు క్లీటరు గ్రామమున 1938లో ఆరంభమైన కాంగోల్ సంస్థవారి టోపీలు 1980లలో న్యూయార్కు నల్లజాతి గాయకుల తలలమీద కొత్త జన్మమెత్తినవి. 2009లో ఆ గ్రామపు కర్మాగారమే మూతపడినది. 2013లో ఆరంభమైన పీకీ బ్లైండర్స్ అను టెలివిజన్ ధారావాహిక బర్మింగ్‌హాం ముఠాలవారి టోపీని దేశదేశముల యువకులకు నచ్చునట్లు చేసినది. టోపీ అంచులో బ్లేడులు దాచెడివారను కథ అందులో ప్రసిద్ధము. కాని ఆ ముఠా 1890లలోనే పేరుమోసియుండగా, గిల్లెట్ మార్చుబ్లేడునకు పేటెంటు లభించినది 1904లో. టోపీనే ఆయుధముగ చూపు ఈ మోజుకంటె, గాలివానలో తల కాచుకొన్న పనివాని అవసరమే నా మనస్సునకు చేరువ.

మంచి ఫ్లాట్ క్యాప్‌నకు పేరుపడిన బట్ట హారిస్ ట్వీడ్. స్కాట్లండు పడమటి దీవులలో రంగువైచి వడికిన కొత్త ఉన్నితో, ఆ దీవులవాసులు తమ యిండ్లయొద్దనే చేతితో నేసిన బట్టకు తప్ప ఆ పేరు చెల్లదని 1993లో బ్రిటిషు పార్లమెంటు శాసించినది. ఇది ధరించువానిని నిర్బంధింపక నేయువానిని కాపాడుచున్న శాసనము గనుక అమలులో నిలిచియున్నది. అట్టి టోపీ లోపలి అస్తరుమీద గోళమును దానిపై శిలువయు గల ముద్ర ఉండును. పోచంపల్లి చీరె కొనునపుడు చేనేత గుర్తును వెదకుటకు అలవాటుపడిన మన పాఠకులు, ఇట్టి టోపీ కొనవలసివచ్చినపుడు ఆ ముద్రను కూడ చూచి కొనవలెనని నా కోరిక.