చిట్టాకెక్కిన మనుష్యులు

మదరాసును వీడి వచ్చిన తెలుగు చిత్రపరిశ్రమ, 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిన నాటినుండి జూబిలీ హిల్స్ బండరాళ్ల నడుమ వేళ్లూని, క్రమముగా ఫిల్మ్ నగర్ అను పేటనే తనకై నిర్మించుకొన్నది. ఇచ్చటి ప్రివ్యూ థియేటర్లలో రచయితలును, దర్శకులును, వారి సహాయకులును కూడి చూడదగిన జర్మన్ భాషాచిత్రమొకటి కలదు. సెబాస్టియన్ మైసె అను ఆస్ట్రియా దర్శకుడు తీసిన 'గ్రోసె ఫ్రైహైట్', 2021లో కాన్ చిత్రోత్సవమున 'అన్ సర్టెన్ రిగార్డ్' విభాగమునందు జ్యూరీ బహుమతి నందినది.

అందలి హాన్స్ స్వలింగ ప్రేమికుడు. నాజీ నిర్బంధ శిబిరమునుండి అతనిని విడిపించిన మిత్రరాజ్యములవారే, మిగిలిన శిక్ష అనుభవించుటకై తిన్నగా కారాగారమునకు పంపుదురు. 1945, 1957, 1968: మూడు కాలములందును అతడు ఆ చెరసాలలోనే కానవచ్చును. అందుకు కారణమైన, పురుషుల స్వలింగ సంపర్కమును నేరముగ నెంచిన 175వ నిబంధన 1871 నాటి జర్మన్ శిక్షాస్మృతిలో పుట్టి, 1935లో నాజీలచేత కఠినతరమై, యుద్ధానంతరమునను పశ్చిమ జర్మనీలో ఆ రూపముననే నిలిచి, 1969లో సడలింపబడులోపల సుమారు 50,000 మందిని దోషులను చేసినది. 1994లోగాని సమూలముగా రద్దుకాలేదు. చిత్రజీవులను కలచివేయవలసినది తొలి ఘట్టము. బహిరంగ శౌచాలయమున అద్దము చాటునుండి పోలీసులు తీసిన ఫిల్ము న్యాయస్థానమున సాక్ష్యముగా ఆడుచుండును. మనము ప్రాణప్రదముగా భావించు కెమెరాయే అచ్చట వేగులవాడు.

అదే కెమెరా ఆ నిర్భాగ్యుల పక్షమున వాదించిన కాలమును ఉన్నది. 1919లో బెర్లినున రిచర్డ్ ఓస్వాల్డ్, మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అను వైద్యుని సహకారముతో, 'ఆండర్స్ ఆల్స్ డీ ఆండర్న్' అను మూకీచిత్రమును నిర్మించెను. బెదిరించి ధనము గుంజువాని చేతజిక్కి ప్రాణము తీసికొన్న వాయులీన విద్వాంసుని పాత్రను ధరించినవాడు కాన్రాడ్ ఫైట్. తరువాత 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో మన మైసూరు నటుడు సాబు సరసన దుష్టమంత్రియైనవాడితడే. 1920లోనే ఆ మూకీచిత్రము సామాన్య ప్రదర్శనకు నిషిద్ధమైనది. నాజీలు దాని ప్రతులను నాశనము చేసిరి. నేడు మిగిలినవి కొన్ని భాగములు మాత్రమే.

బెర్లినున ఆ చిత్రము వెలువడిన 1919లోనే, 1329 ఫస్లీ సంవత్సరపు చట్టముగా, నిజాము రాజ్యమున నపుంసకుల చట్టము వచ్చినది. హైదరాబాదు నగరమున నివసించుచు, బాలురను అపహరింతురనియో, ప్రకృతివిరుద్ధమైన నేరములు చేయుదురనియో అనుమానింపబడిన నపుంసకుల పేర్లను చిట్టాకెక్కింపవలెననియు, అట్టివారు స్త్రీవేషమున వీధిలో కనబడినచో వారెంటు లేకయే నిర్బంధింపవచ్చుననియు, రెండేండ్లవరకు ఖైదు విధింపవచ్చుననియు అది శాసించినది. బ్రిటిషువారి 1871 నాటి నేరజాతుల చట్టమే దానికి మాతృక. ఈ చట్టమునకు గురియైన హిజ్రాలును, హాన్స్ వంటి పురుషులును ఒక్కరు కారు. వారి జీవితములు వేరు, వారి వేదనలు వేరు. అయినను, బెర్లిను పోలీసులు స్వలింగ ప్రేమికులకై ప్రత్యేకముగా పేర్ల పట్టికలు నిర్వహించిన సంగతి ఎరిగినవారికి ఈ చిట్టా కొత్తగా తోచదు. నేరము జరుగకముందే మనిషిని నేరగానిగా నమోదు చేయుట రెండుచోట్లను ఒక్కటే.

నిజాము రాజ్యము పోయినను ఆ చట్టము పోలేదు. జూబిలీ హిల్స్ కొండలపై ఇండ్లు లేచినంతకాలము, స్టూడియోలు వెలసినంతకాలము అది గ్రంథస్థమై యుండెను. స్వలింగ సంపర్కమును నేరముగ నెంచిన 377వ సెక్షనును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న సడలించిన తరువాతకూడ దాదాపు అయిదేండ్లు నిలిచి, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు తీర్పుతోగాని కొట్టివేయబడలేదు. ఇంతకాలమును మన హాస్యఘట్టములలో స్త్రీవేషధారియు, ఆడంగి నడకయు చవుక నవ్వునకు సాధనములగుచునే వచ్చినవి. 2018లో 'అ!' అను తెలుగు చిత్రము ఇద్దరు స్త్రీల ప్రేమను పరిహసింపక చూపినది; అట్టివి మిక్కిలి అరుదు.

కనుక ఫిల్మ్ నగర్‌లో ప్రదర్శన ఏర్పాటు చేయువారు ముందుగా 1919 నాటి శిథిలచిత్రమును, వెనువెంటనే 2021 నాటి చిత్రమును చూపవలెనని నా కోరిక. ప్రేక్షకులలో హాస్యఘట్టములు వ్రాయువారు తప్పక ఉండవలెను. ప్రదర్శనానంతరము ముందుగా మాటాడు అవకాశము ఈ నగరపు హిజ్రాలకును, స్వలింగ ప్రేమికులకును ఈయవలెను.