పేరు కొట్టిన రేకు

మన ఊరి పేరు ముందున్న 'స్టేషన్' కూడా ఒక పేరుపలకే. కోటగుళ్లున్న గణపురం వేరు, రైలు ఆగే మన ఘన్‌పూర్ వేరు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా బెజవాడ పోయే లైను 1889 నాటికి పూర్తయింది. చేసిన కంపెనీ, నంబరు, సంవత్సరం పోతపోసిన పలకలు ఆనాటి ఆవిరి ఇంజన్లకు ఉండేవి. మనకాడి జనం మొదట చూసిన మిషన్ పేరుపలకలు బహుశా అవే.

అట్లని రేకుపని మనకు కొత్తది కాదు. జనగామ పక్కనే పెంబర్తి ఉంది. కాకతీయుల కాలం నుంచి వస్తున్న పని అని చెప్పుకుంటారు. విశ్వకర్మలు ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క పరుపు మీద ఆనించి, ఉలితో, సుత్తితో బొమ్మ లేపుతారు. రథాలకు, గుడి తలుపులకు తొడుగులు, నిజాం కాలంలో పాన్‌దాన్లు, ఇప్పుడు జ్ఞాపికలు, షీల్డులు. ఆ రోజుల్లో నౌకరు హోదా కూడా రేకు మీదే ఉండేది. 'బిళ్ల బంట్రోతు' అనే మాట అట్లనే వచ్చింది. ఇక స్టీలు బిందె మీద పేరు కొట్టించుకోని ఆడబిడ్డ మనలో ఎవరు?

మిషన్ పలకకు సుత్తి అక్కరలేదు. ఇత్తడి రేకు మీద ఆమ్లం తగలొద్దన్న చోట సిరా పూసి, ద్రావకంలో ముంచితే మిగిలిన భాగం కొంచెం తినేసుకుపోతుంది. ఆ గుంటల్లో నల్లరంగు నింపుతారు. తర్వాత అల్యూమినియం వచ్చింది. కరెంటుతో దాని పైపొరలో సన్నని రంధ్రాలు తెప్పించి, రంగు పట్టించి, వేడినీళ్లలో మూసేస్తారు. రంగు పొరలోపల ఉంటది కాబట్టి తుడిస్తే పోదు. ఇప్పటి స్టిక్కర్ చౌకే గానీ, కారం దుమ్ముకు, నూనెకు ఎన్నాళ్లు ఆగుతుంది?

రంగులకూ అర్థముంది. ఎరుపు ఆపడానికి, పసుపు హెచ్చరికకు, నీలం తప్పక చేయాల్సిన పనికి, ఆకుపచ్చ భద్రమైన దారికి. చదువురాని అక్కకు అక్షరం కన్నా ముందు రంగే అందుతుంది.

1948 ఫ్యాక్టరీల చట్టం సానరాయి దగ్గర దాని గరిష్ఠ వేగం రాసి పెట్టాలన్నది. నోటీసులు ఇంగ్లీషుతో పాటు ఎక్కువమంది పనివాళ్లకు తెలిసిన భాషలో ఉండాలన్నది. తిరుగుతున్న యంత్రాన్ని ఆడవాళ్లు శుభ్రం చేయొద్దన్నది. కానీ కరెంటుతో నడిచే చోట కనీసం పదిమంది ఉంటేనే ఆ చట్టం వర్తించేది. నలుగురు అక్కలు నడిపే కారం గిర్నీ దాని లెక్కలోకి రాలేదు. గిర్నీ మీద మాత్రం ఇంగ్లీషు, హిందీ స్టిక్కర్లే వచ్చాయి. చున్నీ, కొంగు పట్టే బెల్టు ఎవరి గిర్నీలోనైనా ఒక్కతీరే తిరుగుతుంది.

అందుకే ఈ ఏడు మన సంఘాల గిర్నీలన్నిటికీ పసుపు రేకు మీద నల్ల అక్షరాలతో 'తిరుగుతుంటే చెయ్యి పెట్టకు, కొంగు దోపుకో' అని తెలుగులో రాయించి, స్విచ్ పక్కన మేకులతో బిగించాలని తీర్మానించాం. మోటరు పలక మీద రంగు పూయొద్దని కూడా చెప్పాం. హెచ్‌పీ, ఓల్టేజి, నిమిషానికి చుట్లు, సీరియల్ నంబరు దాని మీదే ఉంటాయి. మోటరు కాలితే వైండింగ్ మేస్త్రీ అడిగేది, బీమా వాళ్లు అడిగేది ఆ అంకెలనే. పలక చెరగకముందే వాటిని సంఘం పుస్తకంలో ఎక్కించి, కింద ఇద్దరు సభ్యుల సంతకాలు తీసుకోవాలి.