మన్యం వాకిట మిషన్ బతుకు

గోదావరి జిల్లాల్లో క్రైస్తవ మిషన్ల కథ చెప్పేవాళ్లు నరసాపురం, పాలకొల్లు, రాజమండ్రి, కాకినాడలు చెప్పి ఊరుకుంటారు. పాపికొండలు దాటి ఎగువకు వెళ్లరు. అసలు పరీక్ష అక్కడ జరిగింది. భద్రాచలానికి పైన, గోదావరి ఎడమ ఒడ్డున దుమ్ముగూడెం ఉంది. 1860 నుంచి ఆవలి ఒడ్డు నిజాం రాజ్యం, ఈవలి ఒడ్డు ఇంగ్లీషు సర్కారుది, వెనక అడవి బస్తరు దాకా. అలాంటి సరిహద్దులో, ఫితూరీలనే తిరుగుబాట్ల నడుమ, మిషన్ ఎలా బతికిందో చూడకపోతే డెల్టా మిషన్ బలమెంతో, దాని హద్దేమిటో తెలియదు.

డెల్టాలో కథ 1836లో మొదలైంది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా వచ్చారు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. జీతమిచ్చే సొసైటీ ఏదీ వాళ్ల వెనక లేదు. బీర్ నరసాపురంలో, బౌడెన్ పాలకొల్లులో స్థిరపడ్డారు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యాక, అక్కడ చేరిన కూలీ జనం మధ్య వాక్యం చెప్పారు. ఆనకట్ట 1852కు పూర్తయింది. కాలువలు తవ్వారు, కాలువల మీద పడవలు నడిచాయి, ఆ పడవల్లోనే మిషనరీలు మాలపల్లెలకూ మాదిగపల్లెలకూ చేరారు. సువార్త ఆనకట్ట కట్టించిన కాటన్ దొర నీళ్ల వెంటే పారిందంటే అతిశయోక్తి కాదు.

రాజమండ్రికి 1845లో జర్మనీ నుంచి వాలెట్ వచ్చాడు. కొన్నేళ్లకే ఆ మిషన్ అమెరికా లూథరన్ల చేతికి మారింది. 1869లో దాన్నీ వదిలేసి ఆంగ్లికన్లకు అప్పగించబోతుంటే, లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ తన డెబ్బై ఏడో ఏట అమెరికా నుంచి ఓడెక్కి వచ్చి నిలబెట్టాడు. కాకినాడలో థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు ముందుగా సంఘం కట్టాడు. కెనడా బాప్టిస్టులు 1874లో వచ్చి దాన్ని అందుకున్నారు. ఇవన్నీ పెద్ద మిషన్లయ్యాయి. స్కూళ్లు, ఆసుపత్రులు లేచాయి.

దుమ్ముగూడెంలో మిషన్‌కు పునాది వేసినవాడు ఒక ఇంజనీరు. నాగపూరు పత్తిని పడవల మీద సముద్రానికి దింపాలని గోదావరి ఎగువన రాళ్లున్న చోట అడ్డుకట్టలు, లాకులు కట్టే పని తలపెట్టారు. కాటన్ శిష్యుడు హేగ్ ఆ పని చూసేవాడు. అక్కడి అడవుల్లో ఉండే కోయ గిరిజనుల మధ్యకు ఎవరినైనా పంపమని మిషన్లకు రాశాడు. ఎవరూ రాలేదు. చివరికి ఆయన కింద కమిషేరియట్‌లో ఉద్యోగం చేస్తూ బైబిలు చదివి బాప్తిస్మం పొందిన వెంకటరామరాజు ఉద్యోగం వదిలి ఆ పనికి పూనుకున్నాడు. రాజుల కులంలో పుట్టి కోయగూడేల్లో తిరిగిన ఈ మనిషి గురించి మనవాళ్లు ఇంత తక్కువ చెప్పుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. 1871లో సర్కారు ఖర్చు భరించలేక ఆ పని ఆపేసింది. ఇంజనీర్లు దిగిపోయారు. మిషన్ మాత్రం ఉండిపోయింది.

ఉండిపోయిన మిషన్‌కు దిక్కు సర్కారే, తలనొప్పీ సర్కారే. 1860లో నిజాం వదులుకున్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మొదట సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండేవి. 1874లో వాటిని గోదావరి జిల్లాలో కలిపాక అడవి నరికి చేసే పోడు సాగు మీద ఆంక్షలు పెరిగాయి, పన్నూ పెరిగింది. పక్కనున్న రంప కొండలను ఏలే మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వేశాడు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అప్పు కాగితాలు రాయించుకుని, కోర్టు డిక్రీలతో కొండవాళ్ల పశువులు తోలుకుపోయారు. 1879 మార్చిలో రంప భగ్గుమంది. జులైలో రేకపల్లి లేచింది. అక్కడి నాయకుడు అంబుల్ రెడ్డి మనుషులు వడ్డిగూడెం ఠాణా మీద పడ్డారు. ఆరు మద్రాసు పటాలాలు, హైదరాబాదు కంటింజెంటు దిగినా, ఫితూరీ అణగడానికి 1880 గడవాల్సి వచ్చింది. ఫితూరీ నాయకులు చంద్రయ్య, తమ్మన్నదొర ఆ పోరులోనే చనిపోయారు. తుపాకీలకు తోడు మన్యం జ్వరం సిపాయిలను పడగొట్టింది.

ఈ తిరుగుబాటు గురి ఠాణాలు, మన్సబుదారు, వ్యాపారులు. మతం కాదు. అయినా కోయల కంటికి పాదిరి దొరా, పోలీసు దొరా ఒకే పడవ దిగినవాళ్లు కాక మరెవరవుతారు? డెల్టాలో మాలమాదిగలకు మిషన్ భూస్వామికి ఎదురుగా ఒక అండ. కొండల్లో ఆ అండకే పటాలం వాసన అంటుకుంది. ఇక్కడ సంఘాలు పల్చగా ఉండిపోవడానికి, కోయల్లో చేరినవాళ్లు తక్కువ కావడానికి, ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

అందుకే దుమ్ముగూడెంలో మిషన్ బతుకు చిన్న పనుల్లో సాగింది. పాదిరి జాన్ కెయిన్ ఫితూరీకి ముందునుంచీ అక్కడుండి, కోయల పెళ్లిళ్లు, చావు కర్మలు, కొలుపుల గురించి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో రాశాడు. లూకా సువార్తను కోయ భాషలోకి తెచ్చారు. ఆడపిల్లలకు లేసు అల్లిక నేర్పారు. క్రోషా సూది, నూలు ఉండ చాలు, మగ్గం అక్కర్లేదు, గుడిసె అరుగు మీద కూర్చుని చేసుకునే పని. దిగువన నరసాపురంలోనూ మిషనరీలు నేర్పిన ఈ పనే తర్వాత పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. అల్లే ఆడవాళ్లకు దక్కిన కూలి ఎంత తక్కువో 1982లో పరిశోధకురాలు మరియా మీస్ తన పుస్తకంలో లెక్కలతో చూపింది. మిషన్ నేర్పిన విద్య షావుకారు చేతిలో పడితే ఏమవుతుందో అందులో ఉంది.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు వరుసగా కొట్టినప్పుడు కూడా కారణాలు 1879 నాటి ఫితూరీవి లాంటివే: అడవి ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి. అప్పటికి మిషన్ల పగ్గాలు మెల్లగా మనవాళ్ల చేతికి వస్తున్నాయి. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది.

సరిహద్దు మాత్రం కుదురుగా లేదు. 1959లో భద్రాచలం వైపు తాలూకాలు ఖమ్మం జిల్లాకు పోయాయి. 2014లో పోలవరం కోసం రేకపల్లి వైపు మండలాలు ఆంధ్రకు వచ్చాయి, దుమ్ముగూడెం తెలంగాణలో మిగిలింది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక, మావోయిస్టులకూ జుడుంకూ మధ్య నలిగిన గొత్తికోయలు వేలల్లో సరిహద్దు దాటి ఈ అడవుల్లోకే వచ్చారు. అక్కడ గిరిజనులైనవాళ్లకు ఇక్కడ ఆ ధ్రువపత్రం దొరకడం గగనం. పోడు కోసం చెట్టు కొడితే అటవీ శాఖ గుడిసెలు పీకేస్తుంది. బడి, మందు, తమ భాష తెలిసిన మనిషి, ఇవన్నీ వాళ్లకు ఇప్పుడు కావాలి. మైదానంలో ఇన్ని బళ్లూ ఆసుపత్రులూ కట్టిన సంఘాలు ఈ గూడేల వైపు ఎంతమందిని పంపుతున్నాయన్నది వాటి పెద్దలు జవాబు చెప్పాల్సిన ప్రశ్న.