గడియారం ఎక్కడ ఆపాలి?

ఫ్రీమాంట్‌లో ఏ వీధిలో నిలబడి తూర్పుకు చూసినా కొండలే. వాటిలో మనవాళ్లందరికీ బాగా తెలిసింది మిషన్ పీక్, 2,517 అడుగుల ఎత్తు. శనివారం తెల్లారకముందే నీళ్ల సీసాలు పట్టుకుని ఎక్కే జనంలో తెలుగు మాటలు వినిపిస్తూనే ఉంటాయి. వాళ్ల పక్కనుంచే వెడల్పాటి మట్టిదారి మీద కొందరు సైకిళ్లు తొక్కుకుంటూ పైకి పోతుంటారు. ఒకడు ఎక్కడంలో మొనగాడు, ఇంకొకడు దిగడంలో. ఇద్దరిలో అసలైన కొండసైకిల్ వీరుడెవరు? వినడానికి చిన్న ప్రశ్నే. సరైన జవాబు దొరకడానికి దాదాపు ముప్పయ్యేళ్లు పట్టింది. ఆ జవాబు పేరు ఎండ్యూరో. దాని తొలి అడుగులు పడింది మన బే ఏరియా మట్టిలోనే.

1970లలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మరిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత సామాన్ల దుకాణాల్లో వెతికి, 1930ల నాటి లావుపాటి టైర్ల సైకిళ్లు కొనేవారు. వాటికి క్లంకర్లని ముద్దుపేరు. కొండ మీది నుంచి దిగితే ఒళ్లు పులకరించేది. ఎక్కడమే నరకం. గేర్లు లేని ఇనుప బరువును తోసుకుంటూ పోవాల్సి వచ్చేది. 1974 డిసెంబరులో మిల్ వ్యాలీలో జరిగిన ఒక పోటీకి కూపర్టినో నుంచి ముగ్గురు నలుగురు యువకులు వచ్చారు. వాళ్ల లావు టైర్ల సైకిళ్లకు గేర్లున్నాయి! రస్ మాన్ అనే అతను అమర్చుకున్న ఏర్పాటది. చూసినవాళ్లకు కళ్లు తెరుచుకున్నాయి. కూపర్టినో కుర్రాళ్లు మళ్లీ ఆ పోటీల్లో కనబడలేదు. ఆలోచన మాత్రం మరిన్‌లో ఉండిపోయింది. ఆ ఒక్క రోజు ఆ రెండు జట్లూ ఎదురుపడకపోయి ఉంటే ఈ కథ ఇంకెన్నేళ్లు ఆలస్యమయ్యేదో.

ఇక మరిన్ కుర్రాళ్ల మధ్య గొడవంతా ఎవరు వేగంగా దిగుతారన్నదే. మాటలతో తేలలేదు. 1976 అక్టోబరు 21న ఆ కుర్రాళ్లలో ఒకడైన చార్లీ కెలీ, ఆయన మిత్రులు మరిన్‌లోని ఫేర్‌ఫాక్స్ దగ్గర పైన్ మౌంటెన్ మీద పోటీ పెట్టారు. రెండు మైళ్ల దారిలో 1,300 అడుగుల దిగుడు. ఒకడు బయల్దేరిన రెండు నిమిషాలకు ఇంకొకడు. పైన ఒక గడియారం, కింద ఒక గడియారం, రెంటినీ ముందే ఒకే సమయానికి కలిపి ఉంచారు. ఎవరు ముందు చేరారన్నది కాదు, ఎవరికి తక్కువ సమయం పట్టిందన్నదే లెక్క. ఆ రోజు పడకుండా దిగినవాడు అలాన్ బాండ్ ఒక్కడే అంటారు. గెలుపు ఆయనదే. తర్వాతి పోటీల్లో గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు, జో బ్రీజ్ 4 నిమిషాల 24 సెకన్లలో. ఆ రెండు సెకన్ల గురించి ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే ఆ పాత బ్రేకులు కింద చేరేసరికి కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతి దిగుడు తర్వాతా గ్రీజు మళ్లీ కూరాలి. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరొచ్చింది.

అక్కడినుంచి కథ పరుగందుకుంది. 1977లో జో బ్రీజ్ కొండలకోసమే కొత్త సైకిల్ కట్టాడు. 1979లో ఫిషర్, కెలీ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో వ్యాపారం పెట్టారు. 1990లో కొలరాడోలోని డురాంగోలో మొదటి అధికారిక ప్రపంచ పోటీలు జరిగాయి. సరిగ్గా అక్కడే కొండ రెండు ముక్కలైంది. ఎక్కుడూ దిగుడూ కలిసిన క్రాస్‌కంట్రీలో నెడ్ ఓవరెండ్, ఉత్త దిగుడు పోటీలో గ్రెగ్ హెర్బోల్డ్ గెలిచారు. ఒక కొండకు ఇద్దరు రాజులు! కాలం గడిచేకొద్దీ ఒకవైపు సైకిళ్లు గాలికి ఎగిరేంత తేలికయ్యాయి, దిగుడంటే వణికాయి. ఇంకోవైపు లిఫ్టు ఎక్కిస్తే తప్ప కొండమీదికి చేరలేనంత బరువెక్కాయి. మామూలుగా ఆదివారం తొక్కేవాడు ఎక్కుతాడు, దిగుతాడు. వాడికి తగిన పోటీ మాత్రం ఎక్కడా లేదు.

ప్రయత్నాలు జరిగాయి. 1995లో ఫ్రాన్స్‌లోని ఆల్ప్ ద్యుయెజ్‌లో మెగావలాంష్ మొదలైంది. వందలమంది మంచుకొండ మీదినుంచి ఒక్కసారిగా దూకుతారు. చూడముచ్చటే, కానీ ముందు వరసలో ఎవరైనా పడితే వెనకున్న నేర్పరికి దారి దొరకదు. అమెరికాలో సూపర్ డి అని మరొకటి పెట్టారు. దిగుడు ఎక్కువ, మధ్యలో కాస్త ఎక్కుడు. మొదటినుంచి చివరిదాకా గడియారం తిరుగుతూనే ఉంటుంది. దాంతో ఎక్కుడు దగ్గర ఊపిరి బిగబట్టి తొక్కినవాడిదే పైచేయి అయ్యేది. తూకం కుదరలేదు.

చిక్కుముడి విప్పినవాడు ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రెడ్ గ్లో. 2003లో వాల్ దాలోస్‌లో ఆయన పెట్టిన పోటీలో ఒక దిగుడు కాదు, చాలా దిగుళ్లు. ప్రతి దిగుడుకూ సమయం లెక్కిస్తారు. కింద చేరగానే గడియారం ఆగిపోతుంది. మళ్లీ పైకి చేరిన సమయం ఫలితంలో కలవదు. ఇదే ఎండ్యూరో. కార్ల ర్యాలీల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది. పరిష్కారం కొత్త యంత్రంలో కాదు, గడియారం ఆపే చోటులో ఉందని ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికంటే అందమైన ఘట్టం ఇదే.

అయినా ఒక ముల్లు మిగిలింది. ఎక్కేటప్పుడు సీటు ఎత్తుగా ఉండాలి, దిగేటప్పుడు కిందికి ఉండాలి. ప్రతిసారీ దిగి సర్దుకోవాలంటే ప్రాణం విసుగు. 1980లలోనే జో బ్రీజ్, జోష్ ఏంజెల్ కలిసి సైకిల్ దిగకుండా సీటు ఎత్తు మార్చే స్ప్రింగు ఒకటి చేశారు. చాలాకాలం అది మూలనపడింది. 2000లలో హ్యాండిల్ మీది మీట నొక్కితే లేచి దిగే సీట్లుగా ఆ ఆలోచన తిరిగి వచ్చింది. ఒకే సైకిల్ మీద రెండు పనులూ సాధ్యమయ్యాయి. ఇటలీలో ఎన్రికో గ్వాలా సూపర్‌ఎండ్యూరో పోటీలు నడిపాడు. 2013 మేలో ఇటలీ సముద్రతీరంలోని పుంటా ఆలాలో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ తొలి పోటీ జరిగింది. ఆ ఏటి విజేతలు ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ క్లెమెంట్స్, బ్రిటన్‌కు చెందిన ట్రేసీ మోస్లీ. 2019లో ఆ సిరీస్ మన తాహో పక్కనున్న నార్త్‌స్టార్‌కూ వచ్చింది. 2023 నుంచి అది ప్రపంచ కప్పులో భాగం.

కొత్తగా పాల్గొనేవారికి ఆ రోజు ఇలా గడుస్తుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు దిగుళ్లు, వాటినే స్టేజీలంటారు. ఒకరి తర్వాత ఒకరు కొన్ని సెకన్ల ఎడంతో బయల్దేరతారు. చిన్న ఎలక్ట్రానిక్ చిప్ సమయం నమోదు చేస్తుంది. తర్వాతి స్టేజీకి తొక్కుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ, ఏదైనా తింటూ పోవచ్చు. కానీ చెప్పిన వేళకు పైకి చేరాలి. పెద్ద పోటీల్లో ఆలస్యమైతే శిక్షగా సమయం కలుపుతారు. దారిలో పంక్చరైతే మీ పనిముట్లతో మీరే బాగుచేసుకోవాలి. వెనకనుంచి వేగంగా ఎవరైనా వస్తే దారివ్వాలి. అన్ని స్టేజీల సమయం కలిపితే ఎవరిది తక్కువైతే వారే విజేత. కొత్తవాళ్లు తరచు చేసే పొరపాటు ఒకటే. లెక్కలోకి రాని ఎక్కుడులోనే పంతానికి పోయి, చివరి దిగుడుకు చేతుల్లో సత్తువ లేకుండా చేసుకుంటారు.

ఫేర్‌ఫాక్స్‌లో 2015లో సైకిళ్ల మ్యూజియం తెరిచారు. జో బ్రీజ్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. ఫ్రీమాంట్ నుంచి కారులో గంట పైచిలుకు ప్రయాణం. మొదటి పోటీకి పేరిచ్చే ముందు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఆ పాత క్లంకర్లను ఒకసారి చూసి రండి.