మస్టర్‌లో పేరు, సైటులో కులం (7వ భాగం)

కూలీల పేర్లు, పనిదినాలు, ముట్టిన డబ్బు ఊరందరి ముందు చదవమన్నది మనమే. ఉపాధి హామీలో దొంగ మస్టర్లు అలాగే దొరికాయి. అయితే ఆధార్ నంబరు చదవమని ఎవరూ అడగలేదు కదా!

సర్కారు సైట్లకు 2009లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఎన్‌ఐసీ నుంచి డొమైన్, భద్రతా ఆడిట్, పేజీ అడుగున ప్రైవసీ పాలసీ. ఆ పాలసీ చదవండి, మామూలుగా అది సైటు చూసేవాడి గురించే మాట్లాడుతుంది. పట్టికలో పేరున్న పింఛను ముసలమ్మ ఊసే ఉండదు.

2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించింది. రెండు ఆంధ్రప్రదేశ్‌వే. దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని అంచనా. ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అంది. మరుసటి ఏప్రిల్‌లోనే ఆంధ్ర గృహనిర్మాణ సంస్థ సైటులో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్‌తోపాటు కులం, మతం కనిపించాయి. ఇల్లడిగిన పాపానికి వాడ పేరు లోకానికి తెలియాలా?

2023 డేటా రక్షణ చట్టం వచ్చింది. సమాచార హక్కు చట్టం 8(1)(జె)లో ఉన్న ప్రజాప్రయోజనం మాట తీసేసింది. ఇక మస్టర్ అడిగితే 'వ్యక్తిగత సమాచారం' అనొచ్చు. అలాంటి జవాబు మీకొచ్చి ఉంటే కాపీ పంపండి, వచ్చే భాగం దాని మీదే.