‘కొల్లేరు’కు ఏ మీటలు?

విజయవాడ అచ్చుపనికి పేరుపొందిన పట్టణము. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి దినపత్రికలు ఇచ్చటనే వెలువడినవి. ఆనాటి అచ్చుకూటములలో కంపోజిటరు సీసపు అచ్చులను అరలనుండి ఏరి పేర్చెడివాడు. ‘కృష్ణ’ అను మాటలో ఋత్వమును, ణవత్తును సరిగా కుదుర్చుట అతని చేతినేర్పు. కంప్యూటరు వచ్చిన పిదప ఆ పని మీటలపై పడినది. మీటలను భాషాశాస్త్రము చెప్పు క్రమమున అమర్చవలెనా, చేతికి సులువైన క్రమముననా అను ప్రశ్న అప్పుడు పుట్టినది.

భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ అను అమరికను రూపొందించి, 1988లో సవరించినది. 1991లో అది ఇస్కీ సంకేతములతోపాటు జాతీయ ప్రమాణమైనది. దీనికి ఆధారము మన వర్ణమాలయే. అచ్చులును గుణింతపు గుర్తులును ఎడమచేతికి, హల్లులు చాలవరకు కుడిచేతికి వచ్చును. ‘క’ మీటను షిఫ్టుతో నొక్కినచో ‘ఖ’, ‘గ’ మీటను అట్లే నొక్కినచో ‘ఘ’ పడును. దేవనాగరియైనను, కన్నడమైనను, తెలుగైనను ‘క’కు మీట ఒక్కటే. ‘కృష్ణ’ కంటికి రెండక్షరములు. యంత్రమునకు క, ఋత్వము, ష, పొల్లు, ణ అను అయిదు సంకేతములు. వత్తును దాని చోట నిలుపు భారము యంత్రమే వహించును.

ఇంత చక్కని సిద్ధాంతములోను ఒక చిక్కు కలదు. హ్రస్వములైన ఎ, ఒ హిందీ వ్రాతకు సాధారణముగా అక్కరలేదు. అందుచే ఏత్వ, ఓత్వ దీర్ఘములు వ్రేళ్లు నిలుచు నడిమి వరుసలో ఉండగా, హ్రస్వములు మూలలకు చేరినవి. ‘కొల్లేరు’ అని కొట్టి చూడుడు: ‘లే’లోని ఏత్వమునకు వ్రేలు కదలనక్కరలేదు, ‘కొ’కు చిటికెనవ్రేలు పైమూలకు పరుగెత్తవలెను. చెరువు, కొండ, రొట్టె అను తెలుగు మాటలన్నిటికిని ఇదే అవస్థ.

వాడుకనే ప్రధానముగా గొని బయలుదేరిన మార్గము మరియొకటి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున 1990ల తొలినాళ్లలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు ఆర్.టి.ఎస్. పద్ధతిని కల్పించిరి. రోమను లిపిలో కొట్టినది తెలుగుగా మారును. చిన్న అక్షరము ‘న’, పెద్ద అక్షరము ‘ణ’. ఆంగ్లపు మీటలకు అలవడినవారికి క్రొత్త అభ్యాసము అక్కరలేకపోయెను. కాని ‘అమ్మ’ అని వ్రాయుటకు సైతము ఆంగ్లాక్షరములనే తలచవలెను. ఆంగ్లము రాని రైతునకు, చిన్న తరగతుల బాలునకు ఈ తలుపు మూసియే యుండును.

ఈ రెంటికిని పొత్తు కుదుర్చు వీలు సంకేతములలోనే కలదు. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగుకు ఇస్కీ క్రమమునే గైకొన్నది. నేడు ఏ పద్ధతిలో కొట్టినను ‘కృష్ణ’ లోపల ఆ అయిదు సంకేతములుగానే నిలువయగును. కనుక శాస్త్రక్రమమును సంకేతములలో నిలిపి, మీటలను వ్రేళ్ల సౌకర్యము కొరకు మార్చుకొనవచ్చును. పాత వ్రాతలకు హాని కలుగదు.

ఏ మీట ఎచ్చట నుండవలెనో తేల్చునది లెక్క. ఉపాధ్యాయులు తెలుగు వాచకములో ఒక పుట తీసి, అందు ఎత్వములెన్ని, ఏత్వములెన్ని, ఒత్వములెన్ని, ఓత్వములెన్ని యని విద్యార్థులచే లెక్కింపజేయవచ్చును. మూలనున్న మీట మూలనే ఉండదగినదా కాదా యన్నది ఆ లెక్కయే చెప్పును.